సెల్లార్లో మూలపడ్డ సైకిళ్లతో కాలనీ సైకిల్ షెడ్డు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ. నెల్లూరులో మీ అపార్టుమెంటు సెల్లార్లో పాతిక ముప్ఫై సైకిళ్లు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవానికి ర్యాలీ తీశారు, టీషర్టులు పంచారు. మర్నాటి నుంచి మళ్లీ ఎవరి బండి వాళ్లు తీశారు. వాటిని బాగుచేసి గేటు దగ్గర ఎవరైనా వాడుకునేలా పెట్టాలని మీ ఆలోచన. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు అక్కడి కమ్యూనిటీ బైక్ షాపుల గురించి, అంటే ఎవరి సైకిల్ వాళ్లే బాగుచేసుకోవడం నేర్పే చోట్ల గురించి చెప్పాడు. అలాంటిది ఇక్కడ పెడితే జనం రోజువారీ పనులకు సైకిల్ తీస్తారా, ఎంతవుతుంది, ఎవరు నడపాలి?

తప్పకుండా పెట్టండి. ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్నన్నాళ్లూ వారానికో సాయంత్రం అలాంటి షాపులో వాలంటీరుగా చేశాను. కాకినాడ వచ్చేశాక కొందరం కలిసి, ఒక పాత సైకిల్ మేస్త్రీ షాపును ఆనుకుని చిన్న షెడ్డు నడుపుతున్నాం. రెండు చోట్లా చూసినదాన్ని బట్టి ఒక్క మాట గట్టిగా చెప్పగలను. తొక్కండి అని చెప్పినంత మాత్రాన ఎవరూ తొక్కరు. సాయంత్రం పంక్చరైన సైకిల్ మర్నాడు పొద్దున్న పాలప్యాకెట్ వేళకి మళ్లీ రోడ్డెక్కితే తొక్కుతారు. మీ సెల్లార్లో ఉన్నవన్నీ ఏదో ఒక రోజు చిన్న పనికే ఆగిపోయినవి. చైను ఊడింది, బ్రేకు రబ్బరు అరిగింది, వాల్వు పోయింది. ఆ పని చేసే చోటు దగ్గర్లో లేదు, ఇంట్లో ఎవరికీ చెయ్యడం రాదు. వారం ఆగింది, తర్వాత ఏళ్లు ఆగింది. కాబట్టి మీ షెడ్డు పని ఒక్కటే: సైకిల్ ఆగిపోకుండా చూడటం. మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి.

అక్కడి షాపులు ఎలా నడుస్తాయో ముందు చెప్తాను. ఫొటోల్లో చూస్తే పాత సైకిళ్లు వేలాడదీసిన గోడౌన్‌లా కనిపిస్తుందే తప్ప అసలు సంగతి తెలీదు. బోస్టన్‌లో ‘బైక్స్ నాట్ బాంబ్స్’ అనే సంస్థ 1984లో మొదలైంది. నికరాగ్వా ప్రభుత్వం మీద తిరగబడ్డవాళ్లకు అమెరికా ఆయుధాలు ఇస్తున్న రోజులవి. దానికి నిరసనగా కొందరు పాత సైకిళ్లు పోగుచేసి నికరాగ్వాకు పంపారు. తర్వాత్తర్వాత తమ ఊళ్లోని పిల్లలకే రిపేరు నేర్పడం పెట్టుకున్నారు. ‘ఎర్న్ ఎ బైక్’ అంటారు ఆ పద్ధతిని. పిల్లో పిల్లాడో కొన్ని వారాలు వచ్చి, ఒక పాత సైకిల్‌ని పూర్తిగా విప్పి, శుభ్రంచేసి, బిగించి, చివరికి దాన్నే తొక్కుకుంటూ ఇంటికి వెళ్తారు. డబ్బు కట్టక్కర్లేదు. చేసిన పనే దాని ధర. పోర్ట్‌లాండ్‌లో కమ్యూనిటీ సైక్లింగ్ సెంటర్ 1994 నుంచి ఉంది. ఇప్పుడు అక్కడి పెద్ద ఊళ్లలోనూ యూనివర్సిటీ ఊళ్లలోనూ ఇలాంటి చోట్లు కనిపిస్తాయి. ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లల్లో కూడా కారు కొనే దాకా ఇలాంటి షాపు నుంచే సైకిల్ తెచ్చుకుని కాలేజీకి వెళ్లినవాళ్లున్నారు.

లోపలికి వెళ్తే నాలుగైదు రిపేరు స్టాండ్లు ఉంటాయి. గోడకి చెక్క బోర్డు, దాని మీద ప్రతి స్పానరు ఆకారం పెయింటుతో గీసి ఉంటుంది. ఏది తిరిగి రాలేదో దూరం నుంచే కనిపిస్తుంది. స్టాండు వాడుకున్నందుకు గంటకి ఇంత అని కొద్ది మొత్తం తీసుకుంటారు. ఇవ్వలేనివాళ్లు ఆ గంటకి బదులు షాపులో ఏదో పని చేసిపెడతారు. డబ్బు లేదని ఎవర్నీ వెనక్కి పంపరు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒక కట్టుబాటు ఉంది: నేర్పేవాడు నేర్చుకునేవాడి చేతిలోంచి స్పానరు లాక్కోకూడదు. ఎంత ఆలస్యమైనా సరే, నోటితో చెప్పాలి, వేలితో చూపించాలి, బిగించేది మాత్రం సైకిల్ గల మనిషే. తెలిసినవాడికి ఇది చాలా కష్టం. రెండు నిమిషాల పనికి ఇరవై నిమిషాలు నిలబడి చూడాలి. కానీ ఆ ఇరవై నిమిషాల తర్వాత ఆ మనిషికి తన సైకిల్ అంటే భయం పోతుంది. దారిలో చైను ఊడితే తోసుకుంటూ ఇంటికి రాడు. మీ షెడ్డులో ఏ నియమం పెట్టినా పెట్టకపోయినా ఇది మాత్రం గోడ మీద పెద్దక్షరాలతో రాయండి.

ఈ షాపులకు ముందు ఇంకో దారి ప్రయత్నించారు. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే యువకుల బృందం కొన్ని సైకిళ్లకు తెల్ల రంగు వేసి, తాళం లేకుండా వీధుల్లో వదిలింది. ఎవరైనా ఎక్కొచ్చు, దిగిన చోట వదిలెయ్యొచ్చు. తాళం వెయ్యకుండా సైకిల్ వదలడం చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకెళ్లారు. 1994లో పోర్ట్‌లాండ్‌లోనూ పసుపు రంగు వేసి అలాగే వదిలారు. కొన్నేళ్లకే అవి విరిగిపోయో, మాయమైపోయో అయిపోయాయి. మన దేశంలోనూ 2017, 18 ప్రాంతంలో ఫోన్‌తో తాళం తీసే సైకిళ్లు నగరాల్లోకి వచ్చాయి. వాటిలో చాలా కంపెనీలు రెండు మూడేళ్లలో మూటాముల్లె సర్దుకున్నాయి. ఫుట్‌పాత్‌ల పక్కన పడి ఉన్న ఆ సైకిళ్లని మీరూ చూసే ఉంటారు. అందరిదీ అయిన సైకిల్‌కి గాలి కొట్టేవాడు ఉండడు. అందుకే మీ సెల్లార్ సైకిళ్లను బాగుచేసి కాలనీ గేటు దగ్గర ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని పెట్టాలన్న మీ ఆలోచన వదిలెయ్యమంటున్నాను. ప్రతి సైకిలూ ఒక మనిషి పేరు మీద ఉండాలి. ఆ మనిషి దాని మీద కొంత చెమటో కొంత డబ్బో పెట్టి ఉండాలి.

ఇక మన ఊరి సంగతి. మొదట మీరు కలవాల్సింది మున్సిపల్ కమిషనర్ని కాదు, మీ సెంటర్లో ఉన్న సైకిల్ మేస్త్రీని. ఇలాంటి షాపు మనకేమీ కొత్త కాదు. తొంభైల దాకా ఏ ఊళ్లో చూసినా అద్దె సైకిళ్ల షాపు ఉండేది. పుస్తకంలో పేరు రాసుకుని, టైము వేసుకుని, గంట లెక్కన ఇచ్చేవాళ్లు. పిల్లలకు చిన్న సైకిళ్లు విడిగా ఉండేవి. అవి దొరక్కపోతే పెద్ద సైకిల్ కమ్మీ కిందనుంచి కాలు దూర్చి తొక్కేవాళ్లం. ఆ షాపు ముందు బల్ల మీద కూర్చునే సగం ఊరు రిపేరు నేర్చుకుంది. బళ్లొచ్చాక అద్దె పోయింది, మేస్త్రీలు పంక్చర్ల మీదే బతుకుతున్నారు. కొందరు మోటారు సైకిళ్ల పంక్చర్లకి మారిపోయారు. పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. ఆయన షట్టరు దించేస్తే ఆ సెంటర్లో సైకిల్ తొక్కే వాచ్‌మన్, పేపరు కుర్రాడు, మార్కెట్లో మూటలు మోసే కూలీ అందరూ ఇబ్బందిలో పడతారు.

అందువల్ల ఆయనకి పోటీగా ఎప్పుడూ ఉచిత రిపేరు పెట్టకండి. సాఫ్టువేరువాళ్లు ఆదివారం సరదాగా ఊరికే పంక్చర్లు వేస్తే ఆయన సోమవారం బేరం పోతుంది. మా పద్ధతి చెప్తాను. రిమ్ము వంకర తియ్యడం, పుల్లలు (స్పోకులు) అల్లడం, ఓవరాయిలింగు (మొత్తం విప్పి శుభ్రంచేసి బిగించడం) లాంటి చెయ్యి తిరిగిన పనులన్నీ మేస్త్రీవే, ఆయన రేటుకే. ట్యూబులు, టైర్లు, బ్రేకు రబ్బర్లు ఆయన దగ్గరే కొంటాం. ఆదివారం పొద్దున్న నేర్పడానికి వస్తే ఆ పూట కూలి ముందే చేతిలో పెడతాం, పని జరిగినా జరగకపోయినా. దానికి బదులు గేరు సైకిళ్ల పని మేం ఆయనకి చూపించాం. వెనక గేరు మార్చే డిరైలర్ని సర్దడం, డిస్కు బ్రేకు ప్యాడ్లు మార్చడం ఆయన ఇదివరకు ముట్టుకునేవారు కాదు. చెడగొడితే ఎవరు కట్టాలన్న భయం. ఇప్పుడు అపార్టుమెంట్ల నుంచి ఆ సైకిళ్లు ఆయన దగ్గరికే వెళ్తున్నాయి. ఆయన్ని అందరూ గురువుగారూ అంటారు, మా షెడ్డులో ఆ మర్యాద తప్పకుండా పాటిస్తాం. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు ఆయన పక్కన కూర్చుని రిమ్ము ఎటు వంగిందో వేలిగోరు ఆనించి కనిపెట్టడం నేర్చుకుంటుంటే చూడటం నాకు చాలా ఇష్టం.

ఇక్కడ ఇంకో మాట. ‘సైకిల్ వాడకం పెంచుదాం’ అనుకునేటప్పుడు మనం కారూ బండీ ఉన్నవాళ్లనే తలుచుకుంటాం. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా వేరే పనులకు వెళ్లేవాళ్లు ఎలా వెళ్తున్నారని దేశమంతా అడిగారు. నూటికి సుమారు 13 మంది సైకిల్ మీద వెళ్తున్నామన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దాదాపు సగం ఇళ్లలో సైకిల్ ఉందని తేలింది. అంటే తొక్కేవాళ్లు ఉన్నారు, తెల్లారి నాలుగున్నరకే రోడ్డెక్కుతారు, మనం లేచేసరికి వెళ్లిపోతారు. వాళ్లకి ఎవరూ ప్రచారం చెయ్యక్కర్లేదు. వాళ్లకి కావాల్సింది వెనకాల ఎర్ర లైటు, పట్టే బ్రేకు, నిండా గాలి. మీ షెడ్డు తలుపు మొదట వాళ్ల కోసం తెరవండి. మీ వీధి ఊడ్చే పారిశుధ్య కార్మికులు, మీ గేటు వాచ్‌మన్, ఇళ్లల్లో పనిచేసే అమ్మలు, వీళ్ల డ్యూటీ దిగే వేళ కనుక్కుని ఆ వేళకి తెరవండి. ఒక మంచి గాలి పంపు గొలుసుతో కట్టి బయటే ఉంచండి, రాత్రీ పగలూ. పంపు పెట్టిన వారానికే మీ షెడ్డు ఎక్కడుందో ఊరంతా చెప్పుకుంటారు.

వీళ్లని ముందు పెట్టమనడానికి నాకు ఇంకో కారణం ఉంది. సైకిల్ అంటే లేనివాడి బండి అన్న చులకన మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఆ చులకన పోస్టర్లతో పోదు. బ్యాంకు ఆఫీసరూ, వాచ్‌మనూ ఒకే స్టాండు దగ్గర పక్కపక్కన నిలబడి, వాచ్‌మన్ ఆయనకి చైను ఎక్కించడం చూపిస్తే పోతుంది. మా దగ్గర పంక్చరు వెయ్యడం అందరికన్నా బాగా నేర్పేది పేపర్లు వేసే ఒక కుర్రాడు.

మీ సెల్లార్ సైకిళ్ల దగ్గరికి వద్దాం. అన్నిటినీ ఒకేసారి బాగుచెయ్యాలని కూర్చోకండి. మూడు కుప్పలు చెయ్యండి: కొద్ది పనితో నడిచేవి, విప్పి సామాను తీసుకోవాల్సినవి, పాత ఇనుముకి వెయ్యాల్సినవి. మూడో కుప్పకి మనసొప్పదు. అయినా వెయ్యాలి. దానంగా వచ్చిన తుప్పు సైకిళ్లతో చోటంతా నిండిపోయి మూతపడ్డ షాపులు అమెరికాలో కూడా ఉన్నాయి. ఫ్రేము గొట్టాలు కలిసే చోట పగులు ఉంటే ఆ సైకిల్ ఎంత కొత్తగా కనిపించినా ఎవరికీ ఇవ్వొద్దు. చక్రాన్ని గాల్లో తిప్పి చూడండి. రిమ్ము బ్రేకు రబ్బరుకి ఒక పక్క తగిలితే పుల్లలతో సరిచెయ్యొచ్చు, పైకీ కిందకీ ఎగురుతుంటే దెబ్బ తిన్నట్టే. చైను కొలవడానికి అంగుళాల స్కేలు చాలు. మేకు నుంచి మేకుకి అరంగుళం కాబట్టి ఇరవై నాలుగు మేకుల దూరం సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే చైను సాగిపోయింది, మార్చాల్సిందే. చక్రం యాక్సిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే వదులుగా కదిలితే కోను (యాక్సిల్ మీద గోళీలను పట్టి ఉంచే నట్టు) బిగించాలి, తిప్పితే లోపల గరగరమంటే బేరింగు గోళీలు మార్చాలి.

ఏ సైకిల్ ఎవరికి అన్నదాంట్లో నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మార్కెట్టుకీ, బడికీ, ఆఫీసుకీ వెళ్లేవాళ్లకి నిగనిగలాడే గేరు సైకిల్ అక్కర్లేదు. నెల్లూరు కూడా కాకినాడలాగే చదునైన ఊరు. 28 అంగుళాల చక్రాల నల్ల స్టాండర్డ్ సైకిల్‌ని మించింది లేదు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40 పుల్లలు ఉండేది బరువు వెనకే పడుతుంది కాబట్టి. దానికి మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు, చైను కవరు అన్నీ ముందే ఉంటాయి. ఏ పల్లెటూళ్లో ఆగిపోయినా సామాను దొరుకుతుంది. గేరు సైకిళ్లలో చాలావాటికి ఇవేవీ ఉండవు. కూరల సంచి ఎక్కడ పెట్టాలో తెలీదు, వానలో వీపంతా బురద. అలాంటివాటికి మీరు చెయ్యగల గొప్ప మేలు క్యారియరు, మడ్‌గార్డులు, బెల్లు బిగించడం. ఆ మూడూ పడగానే ఆటసామాను కాస్తా పనికొచ్చే బండి అవుతుంది. పిల్లల సైకిళ్లు మాత్రం అమ్మకండి, మార్చుకోనివ్వండి. పిల్ల ఎదిగిపోగానే చిన్నది షెడ్డులో ఇచ్చి, పెద్దది తీసుకెళ్తుంది.

సముద్రం దగ్గరి ఊళ్లకి ఒక జాగ్రత్త. ఉప్పుగాలికి చైను, పుల్లల చివర్లు, బ్రేకు తీగలు ముందు పోతాయి. చైనుకి కొబ్బరినూనె రాసే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. అది దుమ్ముతో కలిసి జిగురైపోతుంది. కిరోసిన్‌తో కడిగి, ఆరాక కుట్టుమిషన్ నూనె మేకు మేకుకీ ఒక్కో చుక్క వేసి, పైన పాత గుడ్డతో తుడిచెయ్యండి.

వచ్చినవాళ్లకి మొదట నాలుగు పనులే నేర్పండి: గాలి, పంక్చరు, బ్రేకు, చైను. పంక్చరు పాఠంలో ఎక్కువమంది వదిలేసేది ఒకటుంది. ట్యూబుకి ప్యాచీ వేశాక టైరు లోపలంతా వేళ్లతో నెమ్మదిగా తడిమి, ముల్లు గానీ గాజుపెంకు గానీ ఇంకా అక్కడే ఉందేమో చూడాలి. లేకపోతే వీధి చివర మళ్లీ గాలి పోతుంది, మేస్త్రీని తిడతారు. పాత రకం వాల్వులో సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. గాలి నిలవడం లేదంటే చాలాసార్లు పంక్చరు కాదు, ఆ గొట్టం చివికిపోయి ఉంటుంది. దాని ఖర్చు రూపాయల్లోనే. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమవైపుది ఉల్టా మర అని ముందే చెప్పండి, లేకపోతే బలంకొద్దీ తిప్పి మరలు చెడగొడతారు.

పనిముట్లకి మరీ ఎక్కువ కాదు. ఒక కాలిపంపు, స్పానర్ల సెట్టు, సన్న కోను స్పానర్లు, టైరు లీవర్లు, పుల్లల కీ, చైను విప్పేది, ఫ్రీవీలు విప్పేది, క్రాంకు లాగేది, సుత్తి, కటింగ్ ప్లయరు, సొల్యూషను, ప్యాచీలు. పదిహేను వేల లోపే మొదలుపెట్టొచ్చు. రిపేరు స్టాండు ఆన్‌లైన్లో కొనకండి. మీ ఊరి వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టంతో చేయిస్తే చవక, గట్టిది. ఇంటి కప్పు దూలానికి రెండు తాళ్లు కట్టి సీటునీ హ్యాండిల్‌నీ తగిలించినా పని జరుగుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి, ఆడవాళ్లు. మీ ప్రశ్నలో వీళ్ల ప్రస్తావన లేదు, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. మనకి పొరుగునే జరిగిన ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. చదువు చెప్పడానికి ఊరూరూ తిరగాల్సిన మహిళా కార్యకర్తలకి సైకిల్ వస్తే పని సులువని, సైకిల్ నేర్పడాన్ని అక్షరాస్యతలో భాగం చేశారు. క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పొలం కూలీలు నేర్చుకున్నారు. సైకిళ్లు కొనడానికి అప్పులు ఇప్పించారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లు కొన్నారు. కొందరికి అవే నచ్చాయి కూడా, ముందు కమ్మీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. లక్షమందికి పైగా మహిళలు సైకిల్ ఎక్కారని చెప్తారు. నీళ్లు తేవడానికి, సరుకు అమ్ముకోవడానికి, బస్సు కోసం గానీ ఇంట్లో మగవాళ్ల కోసం గానీ ఎదురుచూడకుండా బయల్దేరారు. చెవిన పడ్డ వెక్కిరింపులు కూడా తక్కువేం కాదు. కలిసి నేర్చుకున్నారు కాబట్టి తట్టుకున్నారు.

మీ షెడ్డుకి ఇందులో పాఠం ఏమిటంటే, నేర్పడం గుంపుగా జరగాలి, నేర్పేది ఆడవాళ్లయి ఉండాలి, వేళ వాళ్లకి కుదిరేదై ఉండాలి. నలభై దాటాక మొదటిసారి ఎక్కేవాళ్లకి వెనక సీటు పట్టుకుని పరిగెత్తే పద్ధతి వద్దు. పట్టుకున్నవాడు వదిలేస్తాడేమోనని భయం, పడితే నలుగురూ చూస్తారని సిగ్గు. రెండు పెడళ్లూ విప్పేసి, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనేలా సీటు దించెయ్యండి. కూర్చుని కాళ్లతో నెట్టుకుంటూ నడవమనండి. కాసేపటికి అడుగులు పెద్దవవుతాయి, ఆ తర్వాత కాళ్లు పైకెత్తి కొంత దూరం జారతారు. బ్యాలెన్సు వచ్చేసిందని వాళ్లకే తెలుస్తుంది. అప్పుడు పెడళ్లు బిగించండి. చాలామందికి రెండు మూడు ఉదయాల్లో వస్తుంది. చీర, చుడీదార్ చైనులో పడకుండా పూర్తి కవరు, వెనక చక్రానికి పక్కన జాలీ తప్పనిసరి. దానికోసం బట్టలు మార్చుకు రమ్మనకూడదు, సైకిల్‌నే సర్దాలి. స్కూలు గ్రౌండు అడిగితే ఆరింటికి తెరిచే హెడ్మాస్టర్లు ఉన్నారు.

బడి మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. 2006లో బీహార్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిల్ ఇచ్చే పథకం పెట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ దాన్ని పరిశీలించారు. హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని, అబ్బాయిలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని లెక్కగట్టారు. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం కనిపించింది. మన రాష్ట్రంలోనూ 2017లో ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు. ఇలా వచ్చిన సైకిళ్లు పథకం పేపర్లలో లెక్కగా మిగిలిపోకుండా ఉండాలంటే ఏడాది తిరిగాక వాటికి ఎవరు టైరు మారుస్తారన్నది తేలాలి. మీకు దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో నెలకో శనివారం మేస్త్రీని తీసుకెళ్లి షెడ్డు తెరవండి. సైకిళ్ల స్టాండు చూడగానే మీకే తెలుస్తుంది, సగం వాటికి బ్రేకు రబ్బర్లే ఉండవు. తొమ్మిదో తరగతి అమ్మాయిల్లో ఉత్సాహమున్న కొందరికి పంక్చరు, బ్రేకు నేర్పి, ఒక చిన్న పనిముట్ల పెట్టె బడిలోనే ఉంచండి. మీరు ఎన్ని ర్యాలీలు చేసినా రానంత సైకిల్ వాడకం ఈ ఒక్క పనితో వస్తుంది.

షెడ్డుతోనే అన్నీ అయిపోవు, అదీ చెప్పాలి. రోడ్డు మీద భయం ఉన్నంతకాలం తల్లులు పిల్లల్ని పంపరు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023 అక్టోబరులో మొదలైంది. చాలా బాగుంటుంది, ఉదయం వ్యాయామానికి వెళ్లేవాళ్లకి వరం. కానీ కూరలకీ ట్యూషన్‌కీ వెళ్లే దారి అది కాదు. వరంగల్ నుంచి నేర్చుకోవాల్సింది ఎక్కువనిపిస్తుంది నాకు. 2020లో కేంద్రం పెట్టిన ‘సైకిల్స్ ఫర్ ఛేంజ్’ పోటీలో పాల్గొని, 2022లో ప్రకటించిన పదకొండు విజేత నగరాల్లో ఒకటిగా నిలిచింది. అంటే చిన్న నగరాల మున్సిపాలిటీలు కూడా అడిగితే కదులుతాయి. మీరు కిలోమీటర్ల కొద్దీ ట్రాక్ అడగకండి, ఇప్పుడే దొరకదు. రైతుబజారు గేటు పక్కన నీడలో సైకిల్ స్టాండు అడగండి. బస్టాండులో, కలెక్టరేట్‌లో, పెద్దాసుపత్రిలో ఫ్రేముకి గొలుసు వేసుకునే కడ్డీలు అడగండి. మన ఎండకి నీడ లేని చోట సైకిల్ పెడితే సీటు మీద కూర్చోలేం. స్టాండు దొరికితే ఆదివారం పొద్దున్న మీ పంపూ, నాలుగు స్పానర్లూ అక్కడికే పట్టుకెళ్లండి. రైతుబజారుకి సంచీ పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది రెండు కిలోమీటర్ల లోపు నుంచే వస్తారు. మీకు కావాల్సింది వాళ్లే.

డబ్బు విషయం. అద్దె లేని చోటు దొరికితేనే మొదలుపెట్టండి. సెల్లార్లో ఒక మూల, గుడి ప్రహరీ, మూతపడ్డ షాపు, ఏదైనా ఫర్వాలేదు. నెలవారీ ఖర్చు మేస్త్రీ కూలి, సామాను. బాగుచేసిన సైకిళ్లలో కొన్నిటిని న్యాయమైన ధరకి అమ్మితే అది వచ్చేస్తుంది. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీదా వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి సామాను ఖర్చూ కొంత కలిసొస్తుంది. చందాల కోసం తిరగడం కన్నా, ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో పనిముట్టు కొనివ్వడం మేలు. మొదటి ఏడాది రిజిస్ట్రేషన్ జోలికి పోకండి. పని నిలబడ్డాక 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో సంఘంగా నమోదు చేసుకోవచ్చు. పుస్తకం మాత్రం మొదటి రోజు నుంచే రాయండి: సైకిల్ ఇచ్చినవాళ్ల పేరు, సంతకం, ఫ్రేము నంబరు, ఎవరికి వెళ్లింది. ఫ్రేము నంబరు పెడళ్ల మధ్య గొట్టం అడుగున గానీ, సీటు గొట్టం మీద గానీ చెక్కి ఉంటుంది. దొంగ సైకిల్ తెలీకుండా మీ చేతికొస్తే ఆ పుస్తకమే మిమ్మల్ని కాపాడుతుంది. సెల్లార్లో ఉన్నవాటిక్కూడా ఫ్లాట్ల వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఇల్లు ఖాళీచేసి వెళ్లిపోయినవాళ్లవైతే అసోసియేషన్ నోటీసు అంటించి నెల ఆగండి.

ఎవరు నడపాలంటే, ముగ్గురు చాలు: తాళం చెవి దగ్గరుండేవారు ఒకరు, మేస్త్రీతో మాట్లాడేవారు ఒకరు, పుస్తకం రాసేవారు ఒకరు. ముగ్గురిలో ఒక్కరైనా ఆడమనిషి ఉండాలి. వారంలో రెండే పూటలు తెరవండి, కానీ చెప్పిన వేళకి తెరవండి. మూసి ఉన్న తలుపు చూసి ఒకసారి వెనక్కి వెళ్లిన మనిషి రెండోసారి రాడు.

సైకిళ్లను మూడు కుప్పలు చేశాక మొదటి కుప్పలో ఉన్నవాటి చక్రాల సైజు, గేర్లు ఉన్నాయా లేవా, ఏ భాగం పోయింది, ఇంతవరకు రాసి ఇక్కడ పెట్టండి. ఏవి ముందు చేతికి తీసుకోవాలో, ఏ సామాను ఎన్ని తెప్పించాలో మా మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కేసి చెప్తాను.